ఎస్‌వీఐ ఫైలు సమీక్ష: నర్సింగ్ క్వాలిటీ పరిశోధనలో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

అమెరికాలో డీఎన్‌పీ (నర్సింగ్ ప్రాక్టీస్‌లో డాక్టరేట్) ప్రాజెక్టు చేస్తున్న నర్సులు, పీహెచ్‌డీ విద్యార్థులు, ఆస్పత్రి క్వాలిటీ విభాగంలో రీఅడ్మిషన్ల (డిశ్చార్జ్ అయ్యాక మళ్లీ ఆస్పత్రిలో చేరడం) లెక్కలు చూసేవాళ్లు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. పేషెంట్లు ఉండే చోటు, వాళ్ల ఆదాయం, భాష, ఇల్లు, రవాణా వసతి వాళ్లకు అందే సంరక్షణ మీద ఎంత ప్రభావం చూపిస్తున్నాయి? దీనికోసం ఎక్కువమంది తెరిచేది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు సీడీసీ, ఏటీఎస్‌డీఆర్ కలిసి విడుదల చేసే సోషల్ వల్నరబిలిటీ ఇండెక్స్, అంటే ప్రాంతాల సామాజిక దుర్బలత సూచీ. వాడుకలో ఎస్‌వీఐ. పూర్తిగా ఉచితం, అనుమతులు అక్కర్లేదు, సీఎస్‌వీ (పట్టిక ఫైలు) రూపంలో దిగుతుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఫైలు చాలా మంచిది, దానితోపాటు వచ్చే డాక్యుమెంటేషన్ ఇంకా మంచిది. ఇబ్బందంతా దాన్ని నర్సింగ్ డేటాకి అతికించే దగ్గరే వస్తుంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ అతుకుల గురించే.

దీన్ని ఎందుకు తయారు చేశారో తెలిస్తే దీని తీరు సగం అర్థమవుతుంది. 2011లో మొదటిసారి ప్రచురించినప్పుడు దీని లక్ష్యం విపత్తు నిర్వహణ. తుపానో వరదో వస్తే ఏ ప్రాంతంలో జనాన్ని తరలించడం కష్టం, ఎక్కడ ఎక్కువ షెల్టర్లు కావాలి అన్నది ముందే తెలుసుకోవడం కోసం చేసిన సాధనం. మొబైల్ హోమ్‌లు, పది అంతకు మించి ఇళ్లున్న భవనాలు, హాస్టళ్లూ జైళ్లూ నర్సింగ్ హోమ్‌ల్లాంటి గ్రూప్ క్వార్టర్స్ ఇందులో ఉండడానికి కారణం అదే. గుండె జబ్బు పేషెంట్ డిశ్చార్జ్ అయిన తర్వాత మందులు సరిగ్గా వేసుకుంటాడా లేదా అన్న ప్రశ్నకు వీటిలో కొన్నింటికి అసలు సంబంధం ఉండదు.

ఇప్పుడున్న రూపంలో, అంటే 2020, 2022 ఎడిషన్లలో, 16 అంశాలు నాలుగు థీమ్‌లుగా ఉంటాయి. మొదటి థీమ్ ఆర్థిక స్థితి: దారిద్ర్య రేఖకు 150 శాతం లోపు ఆదాయం, నిరుద్యోగం, ఇంటి ఖర్చు భారం, హైస్కూల్ పూర్తి చేయనివాళ్లు, ఇన్సూరెన్స్ లేనివాళ్లు. ఇంటి ఖర్చు భారం అంటే ఏడాదికి 75 వేల డాలర్ల కన్నా తక్కువ ఆదాయం ఉండి, అందులో 30 శాతం లేదా అంతకు మించి ఇంటికే పోయే కుటుంబాలు. రెండో థీమ్ కుటుంబ స్వరూపం: 65 దాటినవాళ్లు, 17, అంతకు లోపు వయసువాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఒంటరి తల్లి లేదా తండ్రి ఉన్న ఇళ్లు, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లు. మూడోది జాతి, మైనారిటీ స్థితి, ఒకే ఒక్క అంశం. నాలుగోది నివాసం, రవాణా: పెద్ద భవనాలు, మొబైల్ హోమ్‌లు, గదుల కన్నా మనుషులు ఎక్కువున్న ఇళ్లు, వాహనం లేని ఇళ్లు, గ్రూప్ క్వార్టర్స్.

లెక్క కట్టే పద్ధతి సులువే. ప్రతి అంశానికీ దేశంలోని సెన్సస్ ట్రాక్ట్‌లన్నింటినీ (జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతాలు), అంటే దాదాపు 84 వేల ట్రాక్ట్‌లను, వరసలో నిలబెట్టి 0 నుంచి 1 వరకు పర్సంటైల్ (వరసలో స్థానం) ఇస్తారు. ఆ పర్సంటైళ్లు కూడి, ఆ మొత్తాన్ని మళ్లీ ర్యాంక్ చేస్తారు. 1కి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ దుర్బలత. చాలామంది గమనించనిది ఒకటుంది. మొత్తం స్కోరులో నాలుగు థీమ్‌లకూ సమాన బరువు ఉండదు, 16 అంశాలకూ సమాన బరువు ఉంటుంది. కాబట్టి మైనారిటీ థీమ్ వాటా పదహారింట ఒక వంతు, నివాసం, రవాణా థీమ్ వాటా పదహారింట ఐదు వంతులు. మీ పరిశోధన జాతి వివక్ష గురించైతే మొత్తం స్కోరు మీ ప్రశ్నను దాదాపు మింగేస్తుంది.

ఫైల్లో ఒక వరస తెరిచి చూద్దాం. వాహనం లేని ఇళ్లకు సంబంధించే ఆరు కాలమ్‌లు కనిపిస్తాయి. 'ఈ'తో మొదలయ్యేది ఇళ్ల సంఖ్య అంచనా, 'ఎం'తో మొదలయ్యేది ఆ అంచనా మీద మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (ఎంత అటూ ఇటూ ఉండొచ్చో), 'ఈపీ' శాతం, 'ఎంపీ' ఆ శాతం మీద ఎర్రర్, 'ఈపీఎల్' పర్సంటైల్. చివరిది 'ఎఫ్', ఆ ట్రాక్ట్ దేశంలో పై పది శాతంలో ఉంటే 1, లేకపోతే 0. థీమ్ ర్యాంకులు, మొత్తం ర్యాంకు 'ఆర్‌పీఎల్' పేరుతో వేరే చోట ఉంటాయి. అందరూ ఆ మొత్తం ర్యాంకు కాలమ్ ఒక్కటే తీసుకుని మిగతావి వదిలేస్తారు. మేం ఎక్కువ విలువిచ్చేది మార్జిన్ ఆఫ్ ఎర్రర్ కాలమ్‌కి. ఒక ట్రాక్ట్‌లో వాహనం లేని ఇళ్లు 60, మార్జిన్ 45 అనుకోండి. ఆ మార్జిన్ 90 శాతం నమ్మకం మీద ఇచ్చింది కాబట్టి 1.645తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 27 పైచిలుకు వస్తుంది. అంటే అంచనాలో 45 శాతానికి పైగా ఊగిసలాట. అలాంటి సంఖ్య మీద ఆధారపడ్డ పర్సంటైల్‌ని మూడు దశాంశాల వరకు నమ్మి వాదించడం సరికాదు. జనం పలచగా ఉన్న గ్రామీణ ట్రాక్ట్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

ఇక ఎక్కడ తప్పులు జరుగుతాయో చూద్దాం. చిన్నవి ముందు.

ట్రాక్ట్ కోడ్ పదకొండు అంకెలు: రెండు రాష్ట్రానికి, మూడు కౌంటీకి, ఆరు ట్రాక్ట్‌కి. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. అలబామా, అలాస్కా, ఆరిజోనా, ఆర్కన్సా, కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్, ఈ ఏడు రాష్ట్రాల కోడ్‌లు సున్నాతోనే మొదలవుతాయి. ఈ కోడ్ ఆధారంగా రెండు ఫైళ్లు జాయిన్ చేసినప్పుడు (కలిపినప్పుడు) ఈ రాష్ట్రాల పేషెంట్లు ఏ హెచ్చరికా లేకుండా జారిపోతారు. కాలమ్‌ని టెక్స్ట్‌గా దింపుకోవడం సులువైన పరిష్కారం. ఆస్పత్రులకు మెడికేర్ (వృద్ధులకు, వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వ బీమా) ఇచ్చే సీసీఎన్ గుర్తింపు నంబర్‌తోనూ ఇదే కష్టం, దానికితోడు ఇంకో ఉచ్చు ఉంది. సీసీఎన్‌లో మొదటి రెండు అంకెలు కూడా రాష్ట్రాన్నే సూచిస్తాయి గానీ అవి సెన్సస్ కోడ్‌లు కావు. కాలిఫోర్నియాకి సెన్సస్ కోడ్ 06, సీసీఎన్‌లో 05. సీసీఎన్‌లో 06 అంటే కొలరాడో. ఈ రెండూ కలిపేస్తే కాలిఫోర్నియా పేషెంట్లకు కొలరాడో ఆస్పత్రులు అంటుకుంటాయి.

డేటా లేని చోట ఫైల్లో మైనస్ 999 ఉంటుంది. దాన్ని ఖాళీగా మార్చకుండా సగటు తీస్తే ఏమవుతుందో చూడండి. 0.62, 0.71, మైనస్ 999, ఈ మూడింటి సగటు మైనస్ 332.56. మూడు ట్రాక్ట్‌లైతే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేల ట్రాక్ట్‌ల మధ్య ఒకటో రెండో ఉంటే సగటు కొంచెం కిందికి జారుతుంది, ఎవరూ పట్టుకోలేరు.

డౌన్‌లోడ్ పేజీలో దేశం మొత్తం ఫైలు, రాష్ట్రాల ఫైళ్లు విడివిడిగా ఉంటాయి. రాష్ట్రం ఫైల్లో ర్యాంకు ఆ రాష్ట్రంలోని ట్రాక్ట్‌ల మధ్యే. మిసిసిపీలో 0.50, మసాచుసెట్స్‌లో 0.50 ఒకటి కావు. రెండు రాష్ట్రాల ఫైళ్లు తెచ్చి ఒకదాని కింద ఒకటి పేర్చడం మాన్యుస్క్రిప్ట్‌లలో తరచుగా కనిపించే తప్పు. ఒకటికి మించి రాష్ట్రాలుంటే దేశం ఫైలే వాడాలి.

సంవత్సరం విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 2000, 2010, 2014, 2016, 2018, 2020, 2022 ఎడిషన్లు ఉన్నాయి. 2014, 2016, 2018 ఎడిషన్లలో 15 అంశాలే. అప్పుడు పేదరికానికి గీత 100 శాతం దగ్గర ఉంది, తలసరి ఆదాయం ఒక అంశంగా ఉంది, ఇన్సూరెన్స్ లెక్కలోకి రాలేదు, ఇంగ్లిష్ అంశం మైనారిటీ థీమ్‌లో ఉండేది. 2020లో ఇవన్నీ మారాయి, ట్రాక్ట్‌ల సరిహద్దులు కూడా మారాయి. 2022లో కనెక్టికట్ ఎనిమిది కౌంటీలు పోయి వాటి స్థానంలో తొమ్మిది ప్లానింగ్ రీజియన్లు వచ్చాయి, కోడ్‌లూ కొత్తవి. కాబట్టి 2018లో 0.70 ఉన్న చోటు 2022లో 0.60 అయిందని చూపించి పరిస్థితి మెరుగైందని రాయకూడదు. అసలు ర్యాంకు అనేదే పక్కవాళ్లతో పోలిక. అందరూ సమానంగా దిగజారితే ర్యాంకు కదలదు. మార్పు చూడాలంటే శాతాల కాలమ్‌లు తీసుకోవాలి, అదీ రెండు ఎడిషన్లలోనూ ఒకేలా ఉన్న అంశాలకే.

ఇప్పుడు పెద్ద తప్పు. ఆస్పత్రి చిరునామా ఏ ట్రాక్ట్‌లో పడితే ఆ ట్రాక్ట్ ఎస్‌వీఐని ఆస్పత్రికి తగిలించేయడం. ఆస్పత్రుల నాణ్యత వివరాలిచ్చే మెడికేర్ వెబ్‌సైట్ కేర్ కంపేర్ నుంచి దించుకున్న డేటాకి ఎస్‌వీఐ కలిపే ప్రాజెక్టుల్లో ఇది ఎంత సాధారణమో, ఫలితాన్ని అంతగా పాడు చేస్తుంది. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద బోధనాసుపత్రి చుట్టూ పేద బస్తీలు ఉండొచ్చు, పేషెంట్లు మాత్రం శివార్ల నుంచీ పక్క కౌంటీల నుంచీ వస్తారు. ఆస్పత్రి నిలబడ్డ ట్రాక్ట్ స్కోరు 0.91 అనుకుందాం. అడ్మిషన్లలో 40 శాతం 0.30 ఉన్న ప్రాంతం నుంచి, 35 శాతం 0.45 నుంచి, 25 శాతం 0.88 నుంచి వస్తే, పేషెంట్ల తరఫు సగటు దాదాపు 0.50. మీ పట్టికలో అది దేశంలోని అత్యంత దుర్బల ప్రాంతాల్లో ఒకదాని ఆస్పత్రి, నిజానికి అది మధ్యస్థం.

దీనికి మందు మెడికేర్‌ని నడిపే సీఎంఎస్ సంస్థ ఏటా ఉచితంగా ఇచ్చే హాస్పిటల్ సర్వీస్ ఏరియా ఫైల్. ఒక్కో ఆస్పత్రికి ఏ జిప్ (పిన్‌కోడ్ లాంటిది) నుంచి ఎంతమంది మెడికేర్ పేషెంట్లు చేరారో అందులో ఉంటుంది. జిప్ నుంచి ట్రాక్ట్‌కి వెళ్లడానికి గృహనిర్మాణ శాఖ హెచ్‌యూడీ ప్రతి మూడు నెలలకోసారి ఇచ్చే క్రాస్‌వాక్ (ఏ జిప్‌లో ఎంత భాగం ఏ ట్రాక్ట్‌లో పడుతుందో చెప్పే) ఫైల్లోని నివాస నిష్పత్తి కాలమ్ వాడాలి. క్రాస్‌వాక్‌లోని ట్రాక్ట్ సరిహద్దులు, ఎస్‌వీఐ ఎడిషన్ సరిహద్దులు ఒకే జనగణనవి అయ్యుండాలి. పర్సంటైళ్లను నేరుగా సగటు చేసే బదులు, 'ఈ' కాలమ్‌ల సంఖ్యలను బరువులతో కలిపి శాతం కట్టడం ఇంకా పద్ధతిగా ఉంటుంది. రెండు పరిమితులు గుర్తుండాలి. పదకొండు కన్నా తక్కువ కేసులున్న గడులు మూసేసి ఉంటాయి, గ్రామీణ ఆస్పత్రులకు ఇదే పెద్ద నష్టం. పైగా ఇందులో ఉండేది సాంప్రదాయిక మెడికేర్ పేషెంట్లు మాత్రమే, మెడికేర్‌లో సగం పైనే ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్లలో ఉన్నారు. ప్రసూతి, పిల్లల వార్డుల గురించి ఈ ఫైలు ఏమీ చెప్పదు.

మీ సొంత ఆస్పత్రి రికార్డుల నుంచే పేషెంట్ చిరునామాలు అందుబాటులో ఉంటే చాలా మెరుగు. అయితే చిరునామా హిప్పా (ఆరోగ్య సమాచార గోప్యత చట్టం) కింద రక్షిత సమాచారం. చిరునామా ఏ ట్రాక్ట్‌లో పడుతుందో చెప్పే సెన్సస్ బ్యూరో జియోకోడర్ ఒక్కసారికి పది వేల చిరునామాలు తీసుకుంటుంది, ఉచితం, కానీ పేషెంట్ల చిరునామాల్ని బయటి సర్వర్‌కి ఎక్కించడానికి మీ ఐఆర్‌బీ (పరిశోధన నైతిక కమిటీ), ప్రైవసీ ఆఫీసు ఒప్పుకోవాలి. ఆస్పత్రి కంప్యూటర్ దాటకుండా నడిచే డీగాస్ లాంటి సాధనం ఇందుకే మాకు ఎక్కువ నచ్చుతుంది. ఎవరూ అంతగా మాట్లాడని జాగ్రత్త ఇంకొకటుంది. ట్రాక్ట్ కోడ్ తీసేసి 16 అంశాల శాతాలు అలాగే ఉంచితే డేటా గుప్తంగా ఉన్నట్టు కాదు. ఆ పదహారు సంఖ్యల కలయిక దేశంలో దాదాపుగా ఒక్క ట్రాక్ట్‌కే సరిపోతుంది, పబ్లిక్ ఫైలు పక్కన పెట్టి ఎవరైనా వెనక్కి కనుక్కోవచ్చు. పంచుకునే ఫైల్లో నాలుగు వర్గాలుగా విడగొట్టిన స్కోరు ఉంచి మిగతావి తీసేయండి. పోస్టాఫీసు బాక్స్ చిరునామాలు, ఇల్లు లేనివాళ్లు ఇచ్చిన షెల్టర్ చిరునామాలు జియోకోడ్ కావు, లేదా తప్పు చోట పడతాయి. వాళ్లను వదిలేస్తే అత్యంత దుర్బలులే అధ్యయనం నుంచి బయటికి పోతారు. ఎంతమంది అలా పోయారో, వాళ్ల వయసు, బీమా రకం ఏమిటో తప్పనిసరిగా రాయాలి.

హెచ్‌క్యాప్స్ (పేషెంట్ల అనుభవంపై జాతీయ సర్వే) స్కోర్లతో వాడేవాళ్లకి ఒక మాట. 'నర్సులు శ్రద్ధగా విన్నారా, అర్థమయ్యేలా చెప్పారా' అన్న ప్రశ్నల స్కోర్లు ప్రచురించే ముందే పేషెంట్ చదువు, ఇంట్లో మాట్లాడే భాష, వయసు, సొంత ఆరోగ్యంపై అభిప్రాయం లాంటి వాటికి సర్దుబాటు చేసి (వాటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి) ఇస్తారు. ఎస్‌వీఐలోనూ చదువు, భాష ఉన్నాయి. మొత్తం స్కోరు మోడల్‌లో పెడితే ఒకే విషయాన్ని కొంత భాగం రెండుసార్లు సర్దుబాటు చేసినట్టవుతుంది. ప్రభావం చిన్నగా కనిపించి, 'దుర్బలతకీ పేషెంట్ అనుభవానికీ సంబంధం లేదు' అని తేల్చేసే ప్రమాదం ఉంది.

ఈ సాధనం గురించి మేం గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. ఎస్‌వీఐని ఎందుకు మోడల్‌లో పెడుతున్నారు? కన్‌ఫౌండర్‌గా (ఫలితాన్ని తికమక పెట్టే వేరే కారణంగా) సర్దుబాటు చేయడానికా, లేక నర్సింగ్ సంరక్షణ ప్రభావం దుర్బల ప్రాంతాల్లో వేరుగా ఉందా అని చూడడానికా? ఈ రెండింటికీ జవాబులు వేరు. 2002లో వచ్చిన పెన్సిల్వేనియా అధ్యయనం 168 ఆస్పత్రులు చూసి, నర్సుకు ఒక్కో సర్జరీ పేషెంట్ అదనంగా పెరిగేకొద్దీ ముప్పై రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని చూపించింది. దుర్బల ప్రాంతాలకు సేవ చేసే ఆస్పత్రిలో నర్సులే తక్కువుంటే, చెడు ఫలితానికి దారి ఆ సిబ్బంది కొరత గుండానే వెళ్తుంది. అప్పుడు ఎస్‌వీఐకి సర్దుబాటు చేసి ఆస్పత్రులన్నీ సమానంగా ఉన్నాయంటే, పేదవాళ్లకు తక్కువ నర్సింగ్ అందుతున్న సంగతిని గణితంతో చెరిపేసినట్టే. అలాగని సర్దుబాటు పూర్తిగా మానేస్తే, కష్టమైన పేషెంట్లను చూసే ఆస్పత్రినే శిక్షించినట్టవుతుంది. రీఅడ్మిషన్ల తగ్గింపు కార్యక్రమంలో మెడికేర్ ఎదుర్కొన్న చిక్కు ఇదే. గరిష్ఠంగా 3 శాతం చెల్లింపు కోత పడే ఆ కార్యక్రమంలో 2019 ఆర్థిక సంవత్సరం నుంచి, మెడికేర్, మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ బీమా) రెండూ ఉన్న పేషెంట్ల వాటాను బట్టి ఆస్పత్రులను ఐదు గుంపులు చేసి, ఏ గుంపుకు ఆ గుంపులోనే పోలుస్తున్నారు. ఏ పరిశోధకుడైనా రెండు మోడళ్లూ, ఎస్‌వీఐతో ఒకటి, లేకుండా ఒకటి, పక్కపక్కన చూపించాలి. నర్సు సిబ్బంది సంఖ్యకూ ఎస్‌వీఐకీ మధ్య ఇంటరాక్షన్ పదం (ఒకదాని ప్రభావం రెండోదాన్ని బట్టి మారుతుందా అని చూసేది) పెట్టి చూడాలి. ఒక్క సర్దుబాటు చేసిన సంఖ్య ఇచ్చి ఊరుకునే పేపర్‌ని మేం నమ్మం.

మొత్తం స్కోరు కన్నా థీమ్‌లు, థీమ్‌ల కన్నా విడి అంశాలు నర్సుకు ఎక్కువ ఉపయోగం. డిశ్చార్జ్ తర్వాత అపాయింట్‌మెంట్ తప్పిపోవడం మీ ప్రశ్న అయితే వాహనం లేని ఇళ్ల శాతం చాలు. డిశ్చార్జ్ సూచనలు అర్థం కావడం గురించైతే ఇంగ్లిష్ అంశం, చదువు. మొత్తం స్కోరు విచిత్రమైన చోట్లను పైకి తెస్తుంది. విద్యార్థులు కిక్కిరిసిన యూనివర్సిటీ పట్టణం తక్కువ ఆదాయం, హాస్టళ్ల వల్ల దుర్బలంగా కనిపిస్తుంది. మాన్‌హట్టన్‌లో కారు లేకపోవడం, పెద్ద భవనంలో ఉండడం లేమి కాదు. ఫ్లోరిడాలో సంపన్న రిటైర్మెంట్ కాలనీ 65 దాటినవాళ్ల అంశంలో పైకి చేరుతుంది. నర్సింగ్ హోమ్‌లకైతే మేం ఎస్‌వీఐ సిఫారసు చేయం. నివాసుల చిరునామా ఆ హోమే, వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో తెలియదు, పైగా ఆ హోమే ఆ ట్రాక్ట్‌లో గ్రూప్ క్వార్టర్స్ శాతాన్ని పెంచుతుంది.

పోటీ సాధనాల్లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ల ఏరియా డిప్రివేషన్ ఇండెక్స్ (ఏడీఐ) ముఖ్యమైనది. బ్లాక్ గ్రూప్ స్థాయికి దిగుతుంది, అంటే ట్రాక్ట్ కన్నా చిన్న ముక్క. 17 అంశాలు, దేశ స్థాయిలో 1 నుంచి 100 వరకు ర్యాంకు. చెల్లింపు విధానాల్లో సీఎంఎస్ దీన్నే వాడింది. దీని బలహీనత ఇళ్ల ధరలు డాలర్లలో నేరుగా లెక్కలోకి రావడం. ఇళ్లు ఖరీదైన న్యూయార్క్ లాంటి నగరంలో పేద పేట కూడా లేమి లేనట్టు కనిపిస్తుంది. జాతి అంశం ఇందులో లేదు. ఖరీదైన నగరాల పేషెంట్లు ఎక్కువుంటే ఎస్‌వీఐ, చిన్న పట్టణాలూ గ్రామాలూ ఎక్కువుండి చిన్న ముక్కల తేడా కావాలంటే ఏడీఐ అని మా సలహా. ఏడు అంశాల సోషల్ డిప్రివేషన్ ఇండెక్స్ సరళంగా ఉంటుంది, ప్రాథమిక వైద్యం మీద పని చేసేవాళ్లకు సరిపోతుంది. రెండు సూచీలతో విశ్లేషణ నడిపి ఫలితం మారుతుందో లేదో చూపిస్తే రివ్యూయర్ల సగం ప్రశ్నలు ముందే తీరిపోతాయి.

వీటిలో ఏదీ మంచం మీదున్న మనిషి గురించి చెప్పదు. 0.95 ట్రాక్ట్‌లో స్థిరమైన ఉద్యోగం, కారు, బీమా ఉన్నవాళ్లు ఉంటారు, 0.10లో ఇంట్లో హింస భరిస్తున్నవాళ్లు ఉంటారు. పేషెంట్ స్థాయిలో తెలుసుకోవాలంటే సీఎంఎస్ ఇచ్చే ఏహెచ్‌సీ (సామాజిక అవసరాల) ప్రశ్నావళి అడగాల్సిందే. ఇల్లు, తిండి, రవాణా, కరెంటు గ్యాసు బిల్లులు, భద్రత, ఈ ఐదు విషయాల మీద పది ప్రశ్నలు. నర్సు నమోదు చేసిన సమాధానాల ఆధారంగానే కోడర్లు సామాజిక పరిస్థితులను సూచించే జెడ్55 నుంచి జెడ్65 వరకు ఉన్న వైద్య కోడ్‌లు ఎక్కించవచ్చు, దానికి డాక్టర్ రాతే కావాలని లేదు. నిరాశ్రయ స్థితి కోడ్‌లకు 2024 ఆర్థిక సంవత్సరం నుంచి చెల్లింపులోనూ గుర్తింపు ఉంది. ఏ యూనిట్‌కి కేస్ మేనేజర్‌ని అదనంగా వేయాలో ఎస్‌వీఐ చెప్పగలదు, ఆ కేస్ మేనేజర్ ఎవరితో మాట్లాడాలో ఈ ప్రశ్నావళి చెబుతుంది.

చివరిగా ఒక పని. 2025 జనవరి చివర్లో ఎస్‌వీఐ పేజీలు కొన్నాళ్లు వెబ్‌సైట్‌లో కనిపించకుండా పోయి, తర్వాత తిరిగి వచ్చాయి. ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే వాడుతున్న ఎడిషన్ సీఎస్‌వీనీ, దాని డాక్యుమెంటేషన్ పీడీఎఫ్‌నీ ఒకే ఫోల్డర్లో దాచుకోండి. మెథడ్స్ విభాగంలో ఎడిషన్ సంవత్సరం, దేశం ఫైలా రాష్ట్రం ఫైలా, ట్రాక్టా కౌంటీయా, డౌన్‌లోడ్ చేసిన తేదీ, జియోకోడ్ కాని చిరునామాల శాతం, ఈ ఐదూ రాయండి.